దస్తీ ఎక్కడ వేస్తే అక్కడ

నేను ఒక తెల్ల బంతిని. పూల్ ఆడే బల్ల మీద కర్ర దెబ్బ నేరుగా తినేది నేనొక్కదాన్నే. మిగతా పదిహేనింటికీ రంగులున్నాయి, అంకెలున్నాయి, కొన్నింటికి నడుం చుట్టూ పట్టీలు కూడా ఉన్నాయి. నాకు ఏదీ లేదు. వాళ్లలో ఎవరు పాకెట్‌లో పడినా ఆడేవాడికి సంబరం. పడినవాళ్లు కింది జాలీలో చల్లగా చేరి పైన జరిగే రభస వింటూ కూర్చుంటారు. నేను పడితే మాత్రం తప్పు. "అయ్యో" అంటారు, నాలుక కరుచుకుంటారు, ఆ క్షణమే బయటికి లాగి మళ్లీ బల్ల ఎక్కిస్తారు. కాసేపు ఆగానా, అది ఇంకో దెబ్బ కోసమే. ఇలా కుదురు లేకుండా బతకడం ఎలా ఉంటుందో మీకు చెప్పినా తెలియదు.

ఇంకో సంగతి ఉంది. ఈ ఆట అంతా నా మీదే నడుస్తుంది, అది మనుషులకు పట్టదు. రంగు బంతి పడగానే ఎగిరి గంతేస్తారు. అది పడ్డాక నేను ఎక్కడ ఆగానో చూడరు. తర్వాతి దెబ్బ నేను ఆగిన చోటి నుంచే కదా కొట్టాలి! గంతులు అయ్యాక వంగి చూస్తే నేను ఏ మూలనో, ఎదుటివాడి బంతి వెనకో నక్కి ఉంటాను. అప్పుడు నన్ను తిడతారు. వెళ్లమన్నది వాళ్లు, వెళ్లింది నేను, తిట్లు మాత్రం నాకు.

సముద్రాల అవతల ఏదో చలి దేశంలో, ఒక కర్మాగారంలో పుట్టాను. జిగురు లాంటి ద్రవాన్ని అచ్చుల్లో పోసి, రోజుల తరబడి వేడిలో ఉంచి, గట్టిపడ్డాక తీసి రుద్దారు. చాలదని మళ్లీ రుద్దారు. కళ్లద్దాల ముసలావిడ ఒకామె నన్ను దీపం ముందు అటూ ఇటూ తిప్పి చూసి, ఏ వంకా దొరకక, పెట్టెలో మా వాళ్ల మధ్య పెట్టింది. ఓడలో వచ్చినన్నాళ్లూ ఆ పెట్టెలో కదలకుండా ఉన్నాను. అప్పుడైనా నిమ్మళంగా ఉన్నానా అంటే అదీ లేదు. ఎక్కడ దింపుతారో అని ఒకటే ఆరాటం.

దింపింది సికింద్రాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో. అక్కడికి వచ్చేవాళ్లంతా బలం చూపించుకునే రకం. ఆటలో మొదటి దెబ్బ గట్టిగా కొట్టి అన్నింటినీ చెదరగొట్టడమంటే వాళ్లకు ప్రాణం. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియదు. ఒకాయన ప్రతి దెబ్బకు ముందూ కళ్లు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకునేవాడు. ఆ దేవుడు మాత్రం ఏం చేస్తాడు, ఆయన కొట్టే వైపు ఒక్క పాకెట్ కూడా లేకపోతే!

ఆ హోటల్లో మార్కరుగా పనిచేసేవాడు ఓదెలు. బంతులు పేర్చడం, పాయింట్లు చెప్పడం, బల్ల మీది గుడ్డ దులపడం అతని పని. హనుమకొండ మనిషి. అందరూ రంగు బంతి వెంట చూస్తుంటే అతని కళ్లు ఎప్పుడూ నా వెంటే ఉండేవి. నేను ఆగేదాకా చూసేవాడు. ఆగాక చిన్నగా తల ఆడించేవాడు, లేదా పెదవి విరిచేవాడు. నన్ను అంతగా పట్టించుకున్న మనిషి నాకు అంతకుముందు తగల్లేదు. హోటల్ వాళ్లు కొత్త బల్ల తెప్పించుకున్నప్పుడు పాతదాన్నీ దానితో పాటు మమ్మల్నీ అతనే కొన్నాడు. డీసీఎం వ్యాన్‌లో వేసుకుని సొంత ఊరు తీసుకుపోయి, చౌరస్తా దగ్గర మిఠాయి కొట్టు మీద మొదటి అంతస్తులో పూల్ పార్లర్ పెట్టాడు.

అక్కడ అతని ఆట చూసి నేను ఆశ్చర్యపోయాను. నా నడిమి మీద తడితే ఎదుటి బంతిని తాకి అక్కడికక్కడే ఆగిపోతాను. కింద కొడితే తాకి వెనక్కి వస్తాను. పైన కొడితే దాని వెంటే ముందుకు పోతాను. పక్కన కొడితే రబ్బరు అంచును తాకి వంకరగా తిరుగుతాను. నాకు తెలిసిన విద్యలు ఇవే. ఓదెలు ఈ నాలుగింటితోనే నన్ను బల్లంతా నడిపించేవాడు. ఎర్రది కొట్టేటప్పుడే పచ్చదాని గురించి ఆలోచించేవాడు, పచ్చది కొట్టేటప్పుడు దాని తర్వాతిదాని గురించి. నేను ఆగే ప్రతిచోటా తర్వాతి బంతి ఎదురుగా సిద్ధంగా ఉండేది. "పడగొట్టుడు ఎవ్వనికన్న వస్తది తమ్మీ. కొట్టినంక తెల్లది ఏడ నిలబడ్తదో గది సూడు ముందుగాల," అని కాలేజీ పిల్లలకు చెప్పేవాడు. వాళ్లు బుద్ధిగా విని, మళ్లీ రంగు బంతినే చూస్తూ కొట్టేవారు.

ఆ పార్లర్‌కు ఒక సొంత కట్టుబాటు ఉండేది. నిండు రంగులవి ఒకరివి, పట్టీలవి ఒకరివి. తనవన్నీ తీసినవాడు చివర నల్లదాన్ని పడగొట్టి గెలుస్తాడు. ఆ నల్లదానితో పాటు నేను కూడా పాకెట్‌లో పడితే కొట్టినవాడు ఓడినట్టేనని లోకమంతా ఆడుతుంది. ఓదెలు దగ్గర అలా కుదరదు. నల్లది తిరిగి బల్ల మీదికి వస్తుంది, నన్ను ఎదుటివాడి చేతికిస్తారు, అతను తనకు నచ్చిన చోట పెట్టుకుని కొడతాడు, ఆట సాగుతుంది. పిల్లలు ఫోన్‌లో రూల్సు తీసి చూపించేవారు.

"ఫోన్ల ఏమన్న ఉండనీ. గింతసేపు ఆడి, ఆఖర్ల ఒక్కపాలి జారితే మొత్తం మట్టిల కలుపుతమా? మా తాన గట్ల నడవది," అనేవాడు ఓదెలు.

అంత నోరున్న మనిషికి ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దయింది. దవాఖాన నుంచి వచ్చేసరికి కాలు కొంత కుదురుకుంది గానీ చెయ్యి కుదురుకోలేదు, వేళ్లు లోపలికి ముడుచుకుని అలాగే బిగుసుకున్నాయి. ఒక్కో మాట కోసం చాలాసేపు పెనుగులాడి, చివరికి విసిగి ఊరుకునేవాడు.

అతని భార్య కోమల ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆమె ఒక్కరోజు కూడా పార్లర్ మూయలేదు. కుట్టుమిషన్‌ను తెచ్చి కిటికీ పక్కన వేసుకుంది. ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను బల్ల మీద. ఆడమనిషి ఇదేం దుకాణం నడపడమని కింద మిఠాయి కొట్టు దగ్గర కొందరు గొణిగారు. ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టి, "జాకెట్ కుట్టియ్యాల్నా అన్నా, కొలతలిస్తవా?" అని అడిగింది. ఆ తర్వాత ఎవరూ గొణగలేదు.

మధ్యాహ్నాలు గిరాకీ ఉండేది కాదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసే లింగమూర్తి డ్యూటీ దిగి వస్తే ఆడటానికి తోడు దొరికేది కాదు. ఒకరోజు అతని పోరు పడలేక కోమలే కర్ర అందుకుంది. గుడ్డను గీత తప్పకుండా కత్తిరించే కన్ను ఆమెది. మొదటి దెబ్బకే బంతి తిన్నగా పోయి పాకెట్‌లో పడింది. నేనేమో దిక్కు లేకుండా దొర్లుకుంటూ పోయి ఒక మూల ఇరుక్కున్నాను. మూలన స్టూలు మీద కూర్చున్న ఓదెలు గొంతులోంచి విసుగ్గా ఒక శబ్దం చేశాడు. ఏదో చెప్పాలని చూశాడు. మాట రాలేదు. చివరికి లేచి కాలు ఈడ్చుకుంటూ వచ్చి, ఎడమ చేత్తో జేబులోంచి దస్తీ తీసి, నాలుగు మడతలుగా బల్ల మీద ఒకచోట పెట్టాడు.

"ఏందయ్యా, బల్ల తుడువాల్నా?" అంది కోమల.

అతను తల అడ్డంగా ఊపి, నన్ను చూపించి, దస్తీని చూపించాడు. నేను ఆగాల్సింది దాని మీద అని ఆమెకు కొంతసేపటికి అర్థమైంది. ఆ దెబ్బకు నేను దస్తీ దాకా పోలేదు. ఎన్నో సాయంత్రాలు పోలేదు. ఒకసారి దాటిపోయేదాన్ని, ఒకసారి అందాకా చేరేదాన్ని కాదు. కానీ కోమలకు ఆ పద్ధతి నచ్చింది. కత్తెర పెట్టే ముందు గుడ్డ మీద సుద్దతో గీసుకోవడం ఆమెకు అలవాటైన పనే. మెల్లగా నేను వెళ్లి ఆ మడత మీద కూర్చోవడం మొదలైంది. అలా కూర్చున్నప్పుడు ఓదెలు ముఖంలో మాట వినే సగం నవ్వేది. ఆ నవ్వు కోసం నేనెంత పరుగైనా తీసేదాన్ని, దాపరికమెందుకు?

అయితే కోమల మనసులో ఒక భయం పెరుగుతూ వచ్చింది. చెయ్యి వాడకపోతే మనిషి కూడా చెయ్యి దారే పడతాడని దవాఖానలో చెప్పారు. ఎడమ చేత్తో ఏదో ఒకటి చేయించమన్నారు. ఓదెలుకు అది పరువు తక్కువ. ఎడమ చేత్తో అన్నం తినాల్సి వచ్చినందుకే అతను ఇంట్లో గోడ వైపు తిరిగి తినేవాడు. నలుగురి ముందు ఆ చేత్తో కర్ర పట్టమంటే ముఖం గంటు పెట్టుకునేవాడు. రోజులు గడిచేకొద్దీ పార్లర్‌కు రావడం కూడా తగ్గించాడు. వస్తే స్టూలు, పోతే మంచం. ఒకరోజు కోమల మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆపేసి, లింగమూర్తితో మెల్లగా అంది.

"మంచం పట్టిండంటే మల్ల లేవడు అన్నా. నాకు ఎర్కైతాంది."

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆమె కర్రకు సుద్ద రాస్తూ భర్త ముందు నిలబడింది.

"ఇయ్యాల నాకు నీకే ఆట. నువ్వు కూసోనే ఉండు. నీ దస్తీ లేకుండ, నీ సైగ లేకుండ మొత్తం నేనే తీస్త, నల్లదాంతోని సహా. తీసిన్ననుకో, రేపటిసంది నువ్వు ఎడమ చేత్తోని స్టిక్కు పట్టాలె. తియ్యకపోతే జన్మల నిన్ను అడగ. సరేనా?"

ఓదెలు ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. ఆమె వల్ల కాదని అతని నమ్మకం. నాకూ అదే నమ్మకం. అందుకే కాబోలు, తల ఊపాడు.

మొదటి దెబ్బ ఆమెది. బల్లంతా చెదిరింది, నిండు రంగుది ఒకటి పడింది. ఇంక నాకు ఊపిరి సలపలేదు. పసుపుదాన్ని కొట్టి వెనక్కి రా అంది, వచ్చాను. నీలందాన్ని కొట్టి అంచు తాకి తిరుగు అంది, తిరిగాను. ప్రతి దెబ్బకు ముందు ఆమె బల్ల మీద ఒకచోటును చూపుతో గుచ్చి చూసేది. అక్కడ దస్తీ లేదు. ఉన్నట్టే చూసేది. నేను సరిగ్గా అక్కడికే పోయేదాన్ని. లింగమూర్తి పొట్లంలోని మిక్చర్ తినడం మరిచిపోయాడు.

మొదట్లో ఓదెలు చెయ్యి అలవాటుగా జేబు దగ్గరికి పోయి ఆగేది. తర్వాత అది కూడా మానేసింది. సగం బంతులు పడేసరికి అతను బల్లను చూడటం లేదు. కిటికీ బయట కరెంటు తీగల వైపు చూస్తున్నాడు. చెంప జారిపోయింది, భుజం జారిపోయింది. ఆ మనిషి దగ్గర మిగిలిన పని ఆ దస్తీ పరవడమొక్కటే. అది లేకుండానే పని జరిగిపోతున్నది. నాకు ఎక్కడలేని బెంగ పుట్టింది. ఈసారి తప్పిపోదామా అనుకున్నాను. కానీ నా చేతిలో ఏముంది, తగిలిన దెబ్బను బట్టి పోవడమే కదా.

చివరి నిండు రంగుది పడ్డాక కోమల నవ్వుతూ భర్త వైపు తిరిగింది. ఆ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. ఆమె అప్పుడు చూసింది, నేను అప్పటికే చూసినదాన్ని.

ఇంక నల్లది మిగిలింది. అది మూల పాకెట్‌కు జానెడు దూరంలో ఉంది. నేను దానికి తిన్నగా ఎదురుగా ఉన్నాను. నా నడిమి మీద ఒక్క తట్టు చాలు. నల్లది పడుతుంది, నేను దాని చోట ఆగిపోతాను, ఆమె గెలుస్తుంది, మొగుడు రేపటి నుంచి మాటకు కట్టుబడి కర్ర పడతాడు. కోమల వంగింది. లేచింది. మళ్లీ సుద్ద రాసింది. మళ్లీ వంగి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

కర్ర నా నడిమికి తగల్లేదు. పైన తగిలింది. జారిన దెబ్బ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, కర్ర కొన గీరుకుపోతుంది. ఇది గీరుకోలేదు. ఎక్కడ కొట్టాలనుకుందో అక్కడే శుభ్రంగా కొట్టింది. నల్లది పడింది. దాని వెంటే నేనూ పోయి పడ్డాను.

"అయ్యో వదినా! గంత అల్కటిదాన్ని!" లింగమూర్తి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"జారింది అన్నా," అంది కోమల, ఎటో చూస్తూ.

లింగమూర్తి నల్లదాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. నన్ను తీసి ఎవరికివ్వాలో తెలియక అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఓదెలు స్టూలు మీంచి లేచాడు. నన్ను అన్నేళ్లు చూసినవాడు, ఆమె కర్ర ఎక్కడ తగిలిందో చూడకుండా ఉంటాడా? కిటికీ వైపు చూస్తున్నట్టే ఉండి చూశాడన్నమాట. అతని మెడ నరాలు ఉబ్బాయి.

"కా… కావాల్నని…" అన్నాడు. కోపంతో ఆ సగం ముఖం ఎర్రబడింది.

"ఔ, కావాల్ననే," అంది కోమల. "నీ దస్తీ లేకుండ ఆడొస్తది నాకు. ఇప్పుడు ఎర్కైంది. గని ఆడబుద్ధి అయితలేదయ్యా. ఏం జేయమంటవ్? తెల్లది నీ చేతికొచ్చింది. నువ్వు పెట్టిన కట్టుబాటే. ఆడ్తవా, ఆట గిట్లనే ఇడిసిపెడ్తవా?"

కింద మిఠాయి కొట్టులో బూందీ వేస్తున్న గరిటె చప్పుడు వినపడుతున్నది. బల్ల మీద ఓదెలు పట్టీల బంతులు ఏడింటికి ఏడూ అలాగే ఉన్నాయి. ఒక్కటి కూడా అతను తాకలేదు. ఒకసారి మెట్ల వైపు చూశాడు. పోతాడేమో అనుకున్నాను. పోతే ఆ మనిషి మళ్లీ మెట్లెక్కడని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఓదెలు ఎడమ చెయ్యి చాపి లింగమూర్తి అరచేతిలోంచి నన్ను తీసుకున్నాడు. ఆ చెయ్యి నన్నెప్పుడూ పట్టలేదు. బల్ల మీద తన రెండు పట్టీల బంతులు పక్కపక్కనే ఉన్న చోట, వాటికి దగ్గరగా నన్ను ఉంచాడు. తర్వాత చెయ్యి చాపాడు. కోమల తన కర్ర ఇచ్చింది.

దాన్ని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కర్ర కొన ఆనడానికి ఇంకో చెయ్యి కావాలి కదా. కర్రను చంకలో ఇరికించుకుని, పడిపోయిన కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి, సామాను పెట్టినట్టు బల్ల మీద పెట్టాడు. ముడుచుకున్న వేళ్లు ముడుచుకున్నట్టే ఉన్నాయి. బొటనవేలికీ దాని పక్క వేలికీ మధ్య ఒక సందు ఉంది. కర్ర తీసుకుని ఆ సందులో ఆనించాడు. అన్నం ముద్ద పట్టలేని చెయ్యి, చొక్కా గుండీ పెట్టుకోలేని చెయ్యి, అక్కడ ఇసుమంత కూడా కదలకుండా కర్రను మోసింది. కోమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాకీ తాకనట్టు తట్టాడు. నాకు జీవితంలో తగిలిన దెబ్బల్లో అంత చిన్నది లేదు. జానెడు కూడా దొర్లలేదు. ఒక పట్టీల బంతిని పక్కకు నెట్టాను, అది మెల్లగా పోయి అంచును ముట్టింది. నేను రెండోదాని వెనక్కి జారుకుని ఆగిపోయాను. ఏదీ పడలేదు. లింగమూర్తి పాపం, "పర్వాలేదన్నా, మొదటిపాలి గద," అన్నాడు.

కోమల మాత్రం బల్ల మీదికి వంగి చూసింది. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది. ఇప్పుడు ఆమె కొట్టాల్సింది నల్లదాన్ని. నాకూ నల్లదానికీ మధ్య ఓదెలు పట్టీల బంతి గోడలా నిలబడి ఉంది. ఎటు నుంచీ దారి లేదు. పడగొట్టడానికి బలం లేని చేత్తో ఆ మనిషి నన్ను దాచిపెట్టాడు. జాలిపడి ఇచ్చిన ఆటను తిరిగి ఆమె మొహానే కొట్టాడు.

"ఓరి దొంగ మొగడా!" అంది కోమల. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నది. "నేను నల్లదాన్ని ఏడికెళ్లి కొట్టాలె ఇప్పుడు? ఆఁ? ఏడికెళ్లి?"

ఓదెలు కర్ర మీద భారం వేసి నిలబడ్డాడు. నుదుటి నుంచి చెమట కారుతున్నది. నోరు తెరిచాడు, మూశాడు. మాట కోసం చాలాసేపు పెనుగులాడాడు. ఈసారి విసుగుపడి ఊరుకోలేదు.

"కొట్టు," అన్నాడు. "సూ…ద్దాం."

కోమల కొంగు నడుముకు దోపుకుని గోడకు ఆనించిన ఇంకో కర్ర తీసుకుంది. నాకూ అంచుకూ మధ్య దూరం కళ్లతో కొలుస్తూ బల్ల చుట్టూ తిరగసాగింది. ఆ పట్టీల బంతి వెనక నక్కి నేను, ఎప్పుడెప్పుడు కొడుతుందా అని చూస్తున్నాను.